మామా నేనూ చేసిన రాయి

పోయిన నెలలో పద్మత్తకు కంటి ఆపరేషన్ అయిందని తెలిసి మిర్యాలగూడ వెళ్ళాను. పద్మత్త మా నాన్నకు స్వయానా చెల్లెలు. బస్సు ఊళ్ళోకి తిరగకముందే ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. రైసుమిల్లులున్న ఊళ్ళకే ఉండే వాసన అది. కొంచెం తీపి, కొంచెం పులుపు, తడిసిన గోనెసంచి వాసన, అన్నీ కలిసి గొంతులో కూర్చుంటాయి. అత్త నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. నేను మాట్లాడుతూనే లేచి ఫ్యాను తగ్గించాను, మళ్ళీ లేచి తలుపు దగ్గరికి వేశాను, మళ్ళీ లేచి మందుల సంచి సర్దాను. చూపు ఇంకా కుదురుకోకపోయినా అత్తకు నా అడుగుల చప్పుడు తెలుస్తూనే ఉంది. "వచ్చిన కాంచి ఒక్కకాడ కూసున్నవా నువ్వు? మీ మామ రోగం ఆయనతోనే పోయిందనుకున్న. నీకంటిచ్చి పోయిండు" అంది. నేను నవ్వేసి, చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళాను. అక్కడ నీళ్ళ గోలెం ఒరగకుండా దాని కిందికి తోసిపెట్టిన ఒక వంకర సిమెంటు ముద్ద కనిపించింది. పగుళ్ళ నిండా నాచు. ఒక పక్క తుప్పు పట్టిన జాలీ తీగ బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని ఎవరూ రాయి అనుకోరు. కానీ రాయిలా కనిపించాలనే దాన్ని చేశాం, మామా నేనూ. అది మా మొదటి ప్రయత్నం.

అప్పటికి నా బీఎడ్ అయిపోయింది. మాది చివ్వెంల దగ్గరి పల్లె. సూర్యాపేటకు బస్సులో వెళ్ళొస్తూ చదువుకున్నదాన్ని. టీచర్ ఉద్యోగాల నోటిఫికేషన్ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అని ఊరంతా అనుకునే కాలం. ఇంట్లో ఉంటే పొద్దున లేచినప్పటినుంచీ పెళ్ళి మాటలు. అది చూసి పద్మత్తే నాన్నకు ఫోన్ చేసింది. "పిల్లను నా కాడికి తోలు అన్నా. గీడ ప్రైవేటు బడులు మస్తున్నయి. పాఠాలు చెప్పుకుంట సదువుకుంటది" అంది. అలా రెండు జతల బట్టలతో, ఒక సంచెడు గైడ్లతో మిర్యాలగూడ చేరాను. పొద్దున బడి, సాయంత్రం చదువు. ఫోన్లో నెట్ ఖరీదు కాబట్టి మధ్యలో నెట్ సెంటరుకు వెళ్ళి నోటిఫికేషన్ వచ్చిందేమోనని చూసి రావడం. రాలేదని తెలిసి ఇంటికొచ్చేసరికి నాన్న ఫోన్. "ఏమన్న తెలిసిందా బిడ్డా?" ఏమీ తెలియలేదని రోజూ చెప్పడానికి కూడా ఒక ఓపిక కావాలి. రాత్రిళ్ళు పుస్తకం తెరిస్తే అక్షరాల మీద కళ్ళు నిలిచేవి కావు. లేచి నీళ్ళు తాగేదాన్ని, దాహమై కాదు.

ఆ ఇంట్లో అత్తది ఒకటే యుద్ధం, బూడిదతో. చుట్టూ మిల్లులు. వాటి పొగగొట్టాలు ఊకను కాల్చి నల్లటి నుసిని ఊరి మీద చల్లేవి. పొద్దున వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి ముగ్గు పెట్టి లేచేలోపే ముగ్గు మీద నల్లచుక్కలు పడేవి. ఆరేసిన బట్టలు తెచ్చి ముందు దులిపేది, తర్వాత మడిచేది. తాగేనీళ్ళ బిందెకు గుడ్డ, ఆ గుడ్డ మీద పళ్ళెం, పళ్ళెం మీద మళ్ళీ ఒక గుడ్డ. పెరుగు తోడుపెట్టిన గిన్నె దగ్గర ఎవరైనా గట్టిగా నడిచినా ఆమెకు కోపం వచ్చేది. ప్రతి పనికీ ఒక వేళ, ఒక వరుస. ఆ వరుసలో ఎక్కడా ఇమడని మనిషి ఒక్కడే, ఆమె మొగుడు నర్సయ్య మామ.

మామ బతుకంతా ఒక మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశాడు. నేను వెళ్ళడానికి కొన్నాళ్ళ ముందే వయసైపోయిందని పని మానిపించారు. మంటనూ ఆవిరినీ చూసుకుంటూ పెరిగిన మనిషికి ఇంట్లో ఏం చేయాలో తెలిసేది కాదు. కుక్కర్ పెడితే పక్కన నిలబడి మూడో కూత వచ్చేదాకా కదలడు. గోడకు అరచెయ్యి ఆనించి ఎంత కాగిందో చూస్తాడు. వాకిట్లో నిలబడి దూరంగా పొగ రంగు చూసి "ఊక తడిగున్నది. గట్లనే ఏసిన్రు" అని గొణుగుతాడు. మంచం మీద కూర్చుంటే మోకాలు ఆడుతూనే ఉంటుంది. ఆ మోకాలి ఊపుకు మంచం కిర్రుమంటుంటే వంటింట్లోంచి అత్త "జర ఆపుతవా" అనేది. ఆయన ఆపి, లేచి, బజారు దాకా పోయి, ఏమీ కొనకుండా తిరిగొచ్చేవాడు. ఆ ఇంట్లో నిలకడ లేనివాళ్ళం ఇద్దరం. ఒకరికి పని రాలేదు, ఒకరికి పని అయిపోయింది.

జియోక్యాషింగ్ అనే మాట నేను మొదట చూసింది ఆ నెట్ సెంటర్లోనే. నోటిఫికేషన్ లేదని తేలాక కూడా ఇంటికి పోబుద్ధి కాక ఏదో ఒకటి చదువుతూ కూర్చునేదాన్ని. లోకంలో చాలామంది చిన్న డబ్బాలు చేసి, అవి చుట్టుపక్కల వస్తువుల్లో కలిసిపోయేలా రంగూ రూపూ మార్చి, ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఒక వెబ్‌సైటులో పెడతారట. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, డబ్బా తెరిచి, లోపలి కాగితం మీద పేరు రాసి, ఒక చిన్న వస్తువు తీసుకుని తమదొకటి పెట్టి, డబ్బాను మళ్ళీ అక్కడే దాచి పోతారట. అంతే ఆట. ఆ సైటులో మ్యాపు తెరిచాను. హైదరాబాదులో చుక్కలున్నాయి. అక్కడినుంచి ఇటు జరిపితే ఒక్కటీ లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, కృష్ణ ఒడ్డు దాకా అంతా ఖాళీ. మమ్మల్ని వెతుక్కుంటూ ఎవరూ రావడానికి ఇక్కడ ఏమీ లేదని ఎవరో చెప్పినట్టు అనిపించింది. ఎందుకో ఆ ఖాళీని చూసి ఊరుకోలేకపోయాను.

ఆ సాయంత్రం మామకు చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు చేతిలో తిప్పుతూ విన్నాడు.

"దాచుడెందుకు, మళ్ళ దొరకాల్ననుడెందుకు?"

"ఆట మామా."

"ఎవలొస్తరు?"

"ఎవలన్న రావచ్చు. ఏ ఊరోళ్ళో, ఏ దేశపోళ్ళో."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. మోకాలు ఆగింది. "డబ్బా ఎంతుండాలె కోడలా?" అన్నాడు. సరేనని ఆయన నోటితో అనడు, ఇలా ఏదో ఒకటి అడుగుతాడు.

రాయిలా చేయాలని అనుకున్నాం. అత్త అటక మీద మూత తిప్పే ప్లాస్టిక్ పచ్చడి డబ్బా ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని నేను సబ్బుతో, బూడిదతో, వేణ్ణీళ్ళతో ఎన్నిసార్లు కడిగినా మామిడికాయ పచ్చడి వాసన పోలేదు. పోకపోతే పోనీ అన్నాడు మామ. డబ్బాను బోర్లించి, మూత కిందికి వచ్చేలా పెట్టి, చుట్టూ కోళ్ళగూటి జాలీ చుట్టాం. దాని మీద సిమెంటు, ఇసుక కలిపి మెత్తాం. సైటులో చదివినదాన్నిబట్టి నేను పాళ్ళు చెప్పాను. మామ వినకుండా అందులో ఊక బూడిద కలిపాడు, రంగు నల్లగా వస్తుందని. ఎండలో పెట్టాం. మూడో రోజుకల్లా అడ్డంగా పగిలింది. నీ పాళ్ళ వల్లేనని ఆయన, నీ బూడిద వల్లేనని నేను. నిజానికి ఇద్దరికీ తెలియదు. ఇద్దరం ఆ పగిలినదాన్ని ముందు పెట్టుకుని గొడవపడుతుంటే అత్త వచ్చి గోలెం ఒరుగుతోందని చెప్పి దాన్ని తీసుకుపోయి కింద తోసింది. రెండోది పగల్లేదు గానీ ఎత్తలేనంత బరువైంది. బస్సులో ఎలా తీసుకుపోతామని అడిగితే మామ దాన్ని భుజానికెత్తుకుని వాకిట్లో నడిచి చూపించబోయి, నడుం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. అత్త వారం పాటు ఆయన నడుముకు తైలం రాస్తూ, నన్ను చూడకుండానే నన్ను తిట్టింది.

మూడోసారి సిమెంటు పలచగా మెత్తాం. ఎండలో పెట్టకుండా తడి గోనెపట్టా కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లాం. బడినుంచి రాగానే నేను ముందు పట్టా ఎత్తి చూసేదాన్ని. మామ అప్పటికే ఎన్నోసార్లు చూసి ఉండేవాడు. ఆ రోజుల్లో ఆయన బజారుకు ఊరికే పోవడం మానేశాడని అత్తే ముందు గమనించింది. రాయి గట్టిపడ్డాక చేతుల్లో పట్టుకుని చూశాం. ఆకారం బాగుంది గానీ కొత్తగా, శుభ్రంగా, షాపులోంచి తెచ్చినట్టుంది. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి చూసి "గట్ల మెరుస్తుంటే ఎవడైన పడతడు. నా బట్టల బండ పక్కన పడేయండ్రి, అదే మాసిపోతది" అంది. అలాగే పెట్టాం. సబ్బు నురగ, పేడనీళ్ళు, పైనుంచి రాలే నుసి. కొన్ని వారాలకు అది ఎప్పటినుంచో ఆ పెరట్లోనే ఉన్నట్టయింది. ఒక పొద్దున నీళ్ళకొచ్చిన పక్కింటామె దాని మీద కాలు పెట్టి పాదం రుద్దుకుంటుంటే మామ నా మోచెయ్యి పొడిచాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

డబ్బాలో ఒక రిబ్బను, గోళీలు, చిన్న గుండ్రటద్దం, ఒక దువ్వెన పెట్టాం. మామ తన పెట్టెలోంచి మిల్లు రోజుల నాటి ఇత్తడి బిళ్ళ తీసి వేశాడు, పనిలోకి పోయేటప్పుడు గేటు దగ్గర ఇచ్చే రకం. ఇది ఆట వస్తువు, చూసి మళ్ళీ ఇక్కడే పెట్టండి అని సైటువాళ్ళు చెప్పినట్టు ఇంగ్లీషులో ఒక కాగితం ప్రింటు తీసి వేశాను. పేర్లు రాయడానికి ఇంకో కాగితం, పెన్సిలు.

దాచడానికి వాడపల్లి అని మామే అన్నాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. పిల్లప్పుడు తన తండ్రితో అక్కడికి వెళ్ళాడట. చేతిసంచిలో రాయి పెట్టుకుని దామరచర్ల మీదుగా బస్సులో వెళ్ళాం. సంచి ఒళ్ళో పెట్టుకున్న మామను పక్కసీటాయన ఏముందని అడిగితే "రాయి" అన్నాడు. ఆయన మళ్ళీ అడగలేదు. గుళ్ళ వైపు వద్దని మామ ముందే చెప్పాడు. గుడి దగ్గర రాళ్ళు కదిలిస్తే జనం ఊరుకోరు. ఏటికి ఎగువన, సర్కారు తుమ్మలు పెరిగిన దిబ్బ మీద, ఎవరో పొలంలోంచి ఏరి పోసిన రాళ్ళ కుప్ప ఉంది. దూరంగా ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకు ఆకులు కూడా బూడిదరంగులో ఉన్నాయి. మా రాయిని ఆ కుప్పలో పెట్టి రెండడుగులు వెనక్కి వస్తే నాకే కనిపించలేదు. ఫోన్లో అంకెలు చూసి రాసుకుందామంటే అవి నిలబడడం లేదు, చివరి అంకె మారుతూనే ఉంది. "అదేంది, అది కూడ మన లెక్కనే ఉన్నది" అన్నాడు మామ. కింద ఎర్రనీళ్ళు, నల్లనీళ్ళు పక్కపక్కనే కాసేపు నడిచి కలిసిపోతున్నాయి. మేమిద్దరం అక్కడ చాలాసేపు కూర్చున్నాం. ఆయన మోకాలు కదల్లేదు.

అక్కడినుంచి మొదలైంది అసలు బాధ. అంతకుముందు నేను ఒక్కదానికోసం ఎదురుచూసేదాన్ని, ఇప్పుడు రెండు. నెట్ సెంటర్లో ఒక కిటికీలో నోటిఫికేషన్ పేజీ, ఇంకో కిటికీలో మా రాయి పేజీ. రెండూ ఖాళీ. ఇంటికి రాగానే నాన్న ఫోన్, అది పెట్టేయగానే మామ. "ఎవలన్న వచ్చిండ్రా?" లేదు మామా. నాలుగు రోజులు ఊరుకుని, ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని ఆయనకు అనుమానం. బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేవాడు. ఉన్నది అనేవాడు. ఆ వారం నిద్రపోయేవాడు, మళ్ళీ వారం అనుమానం. "ముసలోనివి, ఆ ఎండల రాళ్ళు లేపుకుంట తిరిగితే సూసెటోళ్ళు ఏమనుకుంటరు" అని అత్త పోరుతూనే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త ఫోన్ మోగింది. వాడపల్లి పోలీస్ స్టేషన్ నుంచి. నర్సయ్య అనే మనిషి మీవాడేనా, ఒకసారి రండి అన్నారు. అత్త ఫోన్ పెట్టేసింది. జుట్టు ముడి విప్పి మళ్ళీ గట్టిగా ముడేసుకుంది. బస్సులో నా మణికట్టు పట్టుకుని ఒకే మాట చెప్పింది. "నువ్వు లోపటికి రాకు. కాగితాల్ల పేరెక్కితే రేపు నౌకరికి అడ్డమైతది. మీ నాయనకు నేనేం జవాబు చెప్పాలె. నేను మాట్లాడ్త." నేను తలూపాను. ఉద్యోగమొస్తే పోలీసులు వచ్చి మన గురించి విచారిస్తారని మా బ్యాచీలో అందరికీ భయం ఉండేది.

స్టేషన్ ముందు కొంతమంది ఊరివాళ్ళు నిలబడి ఉన్నారు. అత్త లోపలికి వెళ్ళింది, నేను గుమ్మం బయట ఆగాను. బల్ల మీద పేపరు పరిచి దాని మీద మా రాయిని పెట్టారు. అక్కడ అది నిజంగానే భయపెట్టేలా ఉంది. మామ బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎస్ఐ కుర్రవాడు, గొంతు పెంచకుండా మాట్లాడుతున్నాడు.

"పెద్దాయనా, పొద్దటి సంది అడుగుతున్న. రాయి నీదే అంటవ్. ఎందుకు పెట్టినవంటే చెప్పవ్."

మామ మోకాలు ఆడుతూనే ఉంది.

ఊరివాళ్ళలో ఒకతను ముందుకొచ్చాడు. "వారం వారం వస్తడు సార్. రాయి లేపుతడు, సూస్తడు, మళ్ళ పెడతడు. గుప్తనిధులోళ్ళు గిట్లనే గుర్తులు పెట్టుకుంటరు. అందుల ఇత్తడి బిళ్ళ కూడ ఉన్నది."

"ఆయనకు పనిల్లేక సార్" అంది అత్త. "బుద్ధి మంచిదే. ఊకె కూసోలేడు."

అప్పుడు మామ తలెత్తి గుమ్మంలో నన్ను చూశాడు. చూసి, తెలియని మనిషిని చూసినట్టు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పొద్దుటినుంచి ఆయన ఎందుకు నోరు విప్పలేదో నాకు అప్పుడు అర్థమైంది. ఆట గురించి చెబితే నా పేరు చెప్పాలి. ఆ తిప్పుకున్న మొహాన్ని చూశాక నేను బయట నిలబడలేకపోయాను. లోపలికి వెళ్ళాను. అత్త నా కొంగు పట్టి లాగింది.

"ఆ రాయి నాది సార్. నేను చెప్తేనే చేసిండు. ఇద్దరం కలిసి చేసినం" అన్నాను.

అంతా చెప్పాను. ఎస్ఐ ఆ ఇంగ్లీషు కాగితం చదివాడు, నన్ను చూశాడు. సైటు చూపించమన్నాడు. లోపల సిగ్నల్ లేదు. అందరం వాకిట్లోకి వచ్చాం. నేను ఫోన్ ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే ఊరివాళ్ళు కూడా నా వెంటే తిరిగారు. పైనుంచి కిందికి ఒక్కో గీతా వచ్చినట్టు పేజీ తెరుచుకుంది. రాయి బొమ్మ వచ్చింది. అందరూ వంగి చూశారు.

"ఇప్పటిదాంక ఎంతమంది వచ్చిండ్రు?" అన్నాడు ఎస్ఐ.

"ఎవరూ రాలేదు సార్."

"ఎవరొస్తరో తెల్వకుండనే గింత పని చేసిన్రా?"

అప్పటిదాకా వెనకాల చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడిన ఒక ముసలామె ముందుకొచ్చింది. మేకలు కాసే మనిషి. ముందుగా ఆ రాయిని చూసి ఊరివాళ్ళకు చెప్పింది ఆమేనట.

"అమ్మాయీ, దొరికిచ్చుకున్నోళ్ళ పేరు రాస్తరంటివి గదా. మరి నాదెందుకు రాస్తలేవు? నా మేక దాన్నే పట్టుకొని నాకుతున్నది. రాయినెందుకు నాకుతదని లేపి సూసిన. నేనే గదా దొరికిచ్చుకున్నది."

ముందు నవ్వింది ఎస్ఐ. తర్వాత నిధుల మాట అన్నతను నవ్వాడు. "రాయమ్మా, ఆమె పేరు రాయి" అన్నాడు ఎస్ఐ. స్టేషన్ బల్ల మీదే మూత తిప్పి కాగితం తీశాను. పచ్చడి వాసన గదంతా వచ్చింది. పేరడిగి లచ్చమ్మ అని రాయబోతే ఆమె నా చెయ్యి ఆపింది. "ఊరినిండ లచ్చమ్మలే. మేకల లచ్చమ్మ అని రాయి." గుండ్రటద్దం తీసుకుని, నడుము సంచిలోంచి ఒక వక్క తీసి డబ్బాలో వేసింది. మా రాయిని మొదట కనుక్కున్న మనిషి పేరు అలా రాశాం. కేసేమీ లేదని, అడగకుండా ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దని చెప్పి ఎస్ఐ పంపించాడు. నా పేరు ఎక్కడా రాసుకోలేదు. బయటికొచ్చాక అత్త అంది, "ఇద్దరికీ బుద్ధి లేదు." తర్వాత లచ్చమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె రెండు చేతులూ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

"తీస్కపోవుడెందుకు? నా చెల్క గట్టుకు పెట్టుండ్రి. ఎవడన్న అడిగితే నేను చెప్త" అంది లచ్చమ్మ. ఏటికి కొంచెం దూరంలో ఆమెకు మెట్టపొలం ఉంది. ఆ గట్టు మీదే పెట్టాం. ఈసారి తెలుగులో కూడా కాగితం రాసిపెట్టాను. అంకెలు మార్చాను. కోతల కాలానికి ఒక సాయంత్రం పేజీ తెరిస్తే ఒక మాట వచ్చి ఉంది. హైదరాబాదు నుంచి మోటారుసైకిల్ మీద నాగార్జునసాగర్ చూసి వస్తున్న ఇద్దరు రాసింది. నేను పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి మామకు తెలుగులో చెప్పాను. చోటు దగ్గరికి చేరి వెతకడం మొదలుపెట్టీ పెట్టకముందే మేకలతో ఒక అవ్వ వచ్చిందట. రాయి కోసమా అని అడిగి, తనే ఎత్తి చేతిలో పెట్టి, మజ్జిగ పోసి పంపిందట. మమ్మల్ని వెతకనివ్వలేదు అని రాశారు. మామ దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత వాడపల్లి వెళ్ళినప్పుడు నేను లచ్చమ్మకు ఆట నియమం చెప్పబోయాను. ఆమె నన్నే కసిరింది. "గంత దూరంకెళ్ళి వచ్చినోళ్ళను ఎండల తిప్పుతరా? మీకు జరంత పాపమనిపియ్యదా?" మళ్ళీ చెప్పలేదు. మామ వారం వారం పోవడం మాత్రం మానలేదు. మేకలకు మిల్లునుంచి తౌడు అడిగి తీసుకుపోయేవాడు.

నోటిఫికేషన్ చివరికి వచ్చింది, పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. కోదాడ దగ్గర అనంతగిరి వైపు బడి. కోదాడలో కిరాయికి గది తీసుకున్నాను. అక్కడి పిల్లలు "ఎందుకండీ, ఏంటండీ" అనేవారు, నా యాస విని నవ్వుకునేవారు. ఇప్పుడు నా క్లాసులో పిల్లలు ఎక్కడున్నారో వాళ్ళ తల్లులకు ఫోన్లో చుక్కగా కనిపిస్తూనే ఉంటుంది. నేను బస్సు దిగి ఇంటికి నడిచే దారిలోనే మా ఆయన ఫోన్ చేసి, చౌరస్తా దాటినవా అంటాడు. ఖాళీగా ఉన్న మ్యాపు ఇప్పుడు ఎక్కడా కనిపించదు. అప్పటి నా అశాంతికి ఒక పేరుండేది, నోటిఫికేషన్ అని. అది వస్తే అన్నీ కుదురుకుంటాయని గట్టిగా నమ్మాను. ఉద్యోగముంది, ఇల్లుంది, కూర్చోవడమే ఇంకా రాలేదు. ఇప్పటిదానికి పేరు కూడా దొరకదు. సిమెంటు కలపడానికి పక్కన ఒక మనిషి ఉంటే బాగుండుననిపిస్తుంది, అంతే.

మామను చివరిసారి వాడపల్లి తీసుకువెళ్ళింది నేనే. నేను కోదాడలో చేరిన తర్వాతి ఏడు. అప్పటికి ఆయన బాగా తగ్గిపోయాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వద్దని అత్త అంటే ఆయన చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు, అంతే. బస్సు దిగి స్టాపు అరుగు మీద కూర్చున్నాక ఇక లేవలేనన్నాడు. నేను ఒక్కదాన్నే గట్టు దాకా పోయి లచ్చమ్మకు చెప్పాను. ఆమె రాయిని ఎత్తి గంపలో పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని రోడ్డుకు వచ్చింది. మామ ఒళ్ళో పెట్టింది. మేకలు కూడా వెంట వచ్చి అరుగు చుట్టూ నిలబడ్డాయి. ఆయన కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తనే మూత తిప్పి కాగితం తీశాడు. అప్పటికి దాని మీద చాలా పేర్లున్నాయి, కొన్ని చదవను కూడా రాని భాషల్లో. ఆయన వాటిని ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసి, పెన్సిలు ఇవ్వమని చెయ్యి చాపాడు.

"దాచినోళ్ళు రాయొద్దు మామా" అన్నాను.

"దాచింది నువ్వు గదా కోడలా. నేనిప్పుడే వచ్చిన" అన్నాడు.

పెన్సిలిచ్చాను. కాగితాన్ని రాయికే ఆనించి, ఒక్కో అక్షరం ఒత్తి పేరు రాసుకున్నాడు. పక్కన ఇంకేమైనా రాయాలా అని అడిగాడు. కొంతమంది రాస్తారు, నీ ఇష్టం అన్నాను. ఆయన రోడ్డు వంక చూస్తూ ఆలోచించాడు. దూరంగా మిర్యాలగూడ బస్సు కనిపించి, దగ్గరకొచ్చి, మా ముందు ఆగింది. లచ్చమ్మ చెయ్యెత్తి డ్రైవర్ను ఆగమంది. అప్పుడు మామ వంగి, తన పేరు పక్కన ఒక్క మాట రాశాడు. దొరికింది.